పనిముట్లు ఆటవస్తువులైన ఊరు

గ్రిండెల్‌వాల్డ్ అనే పేరు విననివాళ్ళకి కూడా ఆ ఊరి చుట్టుపక్కల కొండలు పరిచయమే అయి ఉంటాయి. 1990ల నుంచి మన సినిమా పాటల్లో పచ్చిక బయలు, దాని వెనకాల మంచుకొండ కనిపించాయంటే అవి చాలాసార్లు స్విట్జర్లండ్‌వే, అందులోనూ బెర్న్ కాంటన్‌కి దక్షిణాన ఉన్న ఓబర్‌లాండ్ ప్రాంతానివే. ఈ వ్యామోహాన్ని మనవాళ్ళకి అంటించినవాళ్ళలో ముందుగా చెప్పుకోవలసింది హిందీ దర్శకుడు యశ్ చోప్రాని. ఆయన విగ్రహాన్ని 2016లో ఇంటర్‌లాకెన్ పట్నంలో పెట్టారు. అక్కణ్ణించి గ్రిండెల్‌వాల్డ్‌కి రైల్లో ఓ అరగంట పైచిలుకు.

బెర్న్‌లో ఉద్యోగం చేసుకునే నాకు ఈ దారి బాగా అలవాటు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం ప్రయాణం అటే. వచ్చినవాళ్ళు కాసేపు నోట మాట లేకుండా చూస్తారు, ఫోటోలు దిగుతారు, కాఫీ ధరని రూపాయల్లోకి మార్చుకుని ఉసూరుమంటారు. మా అమ్మ ఒక్కతీ మాత్రం, ఒక మే నెలాఖరున, స్టేషను బయట బెంచీ మీద కూర్చుని ఎదుటి వాలులో మేస్తున్న ఆవులకేసి చాలాసేపు చూసి, "సగం ఏడాది మంచు కప్పేస్తుందంటున్నావు, అప్పుడు ఈ గొడ్లు ఏం తింటాయిరా?" అని అడిగింది.

రైతు బిడ్డ కాబట్టి అడిగింది. నేను అన్నేళ్ళుగా వెళ్తూ కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. జవాబు కోసం పుస్తకాలు తిరగేస్తే ఈ ఊరి చరిత్ర అంతా ఆ ప్రశ్నకి అటూ ఇటూ అల్లుకుని ఉందని తేలింది.

గ్రిండెల్‌వాల్డ్ సముద్రమట్టానికి 1,034 మీటర్ల ఎత్తులో ఉంది. దక్షిణాన 3,967 మీటర్ల ఐగర్ శిఖరం గోడలా నిలబడి ఉంటుంది. తూర్పున 3,692 మీటర్ల వెట్టర్‌హార్న్. ఈ రెండు కొండల సందుల్లోంచి రెండు హిమానీనదాలు ఊరి మీదికి దిగేవి. ఉత్తరాన మాత్రం కాస్త సాధువైన వాలు, ఎండ తగిలే వైపు. ఊరివాళ్ళ బతుకంతా ఆ వాలు మీదే. మనం ఆల్ప్స్ అనగానే మంచు శిఖరాలు అనుకుంటాం. ఇక్కడి రైతుకి ఆల్ప్ అంటే శిఖరం కాదు, వేసవిలో పశువుల్ని తోలుకుపోయే మేతబయలు. శిఖరంతో అతనికి పనే లేదు, అక్కడ గడ్డి మొలవదు కాబట్టి.

ఈ లోయలో అలాంటి ఉమ్మడి ఆల్ప్‌లు ఏడు. వాటిని ఎలా పంచుకోవాలో చెప్పే కట్టుబాటు పత్రం 1404 నాటిది. మన లెక్కలో చూస్తే శ్రీనాథుడి కాలం. తర్వాత తర్వాత దాన్ని సవరించుకుంటూ వచ్చారు గాని మూలసూత్రం నిలిచిపోయింది. ఆల్ప్ మీద ఆవుల్ని మేపే హక్కు మనిషిది కాదు, కింద లోయలో ఉన్న అతని నేలది. నేల అమ్మితే హక్కు కూడా నేలతోబాటే పోతుంది. ఎందుకంటే లోయలో నేల ఉంటేనే ఎండుగడ్డి, ఎండుగడ్డి ఉంటేనే చలికాలం గడిచే పశువు. బయటినుంచి వేసవికి పది ఆవుల్ని కొని తెచ్చి, ఉమ్మడి గడ్డి మేపి, శీతాకాలం రాగానే అమ్ముకుపోయే తెలివైనవాడికి ఈ లెక్కలో చోటు లేదు. దక్షిణాన వాలే కాంటన్‌లోని ట్యోర్బెల్ అనే ఊళ్ళో ఇదే సూత్రాన్ని 1517లో ఇంకా సూటిగా రాసుకున్నారు. చలికాలం పోషించగలిగినన్ని ఆవుల్నే వేసవిలో పైకి పంపాలి, అంతకుమించితే జరిమానా. ఆ ఊరి మీద రాబర్ట్ నెట్టింగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1981లో ఒక పుస్తకం రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో, ఉమ్మడి ఆస్తిని జనం తమంతట తాము పాడుచేసుకోకుండా కాపాడుకోగలరని వాదించింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. అమ్మ ప్రశ్న చిన్నదేమీ కాదన్నమాట.

అంటే ఈ ఊళ్ళో వేసవిని కొలిచే కుంచం చలికాలం. ఏడాదంతా ఆ కొలత ప్రకారమే నడిచేది. మే నెలలో పశువులు ఇంటి దగ్గరి దొడ్లు వదిలి కాస్త పైనున్న మేతకి వెళ్తాయి. జూన్‌లో మంచు కరిగిన కొద్దీ ఇంకా పైకి. పశువులు పైన ఉన్న ఆ మూడు నెలలూ కింద మనుషులు గడ్డి కోస్తారు, ఎండబెడతారు, కొట్టాల్లోకి ఎక్కిస్తారు. ఆవు కూడా కాలు పెట్టలేని నిటారు వాలుల్లో మొలిచే అడవిగడ్డిని సైతం కొడవళ్ళతో కోసి మోపులు కట్టేవాళ్ళు. ఆ మోపుల్ని అప్పుడే దించడం కష్టం. పైన కొట్టాల్లో దాచి, మంచు పడ్డాక కొమ్ములు తిరిగిన పెద్ద చెక్కబండి మీద వేసుకుని, ముందు ఒక మనిషి కాళ్ళు తన్నిపెట్టి ఆపుకుంటూ, కిందికి జారేవాళ్ళు. అడవిలో నరికిన దుంగలు కూడా అలాగే. రోడ్డు లేని చోట మంచే రోడ్డు. అలా వచ్చిన మోపు కింద పడి కాళ్ళు విరిగినవాళ్ళు, ప్రాణాలు పోయినవాళ్ళు ఆల్ప్స్ లోయల్లో ఊరూరా ఉన్నారు.

ఇవాళ అదే దారిలో జనం డబ్బులిచ్చి జారుతున్నారు. ఫాల్‌హార్న్ కొండ మీంచి బుస్‌ఆల్ప్ మీదుగా ఊళ్ళోకి 15 కిలోమీటర్ల స్లెడ్జి దారి ఉంది. యూరప్‌లో ఇంత పొడుగైనది లేదని చెప్పుకుంటారు. దానికోసం స్లెడ్జిని తాడుతో లాక్కుంటూ మంచులో రెండున్నర గంటలు నడిచి ఎక్కాలి. నేను ఒకసారి వెళ్ళాను. కిందికి వచ్చేసరికి నా చెప్పుకోదగ్గ సాధన ఏమిటంటే బూట్ల మడమలు అరిగిపోవడం. ఒక మనిషి బరువుకే ఇలా ఉంటే మూడు నాలుగు క్వింటాళ్ళ గడ్డి వెనకనుంచి తోస్తుంటే ఎలా ఉండేదో ఊహించుకున్నాను.

ఈ ఊళ్ళో ఇప్పుడు జరిగే ఏ ఆట తీసుకున్నా దాని అడుగున ఒక పాత పని కనిపిస్తుంది. వెలోగెమెల్ అనే చెక్క మంచు సైకిలు ఉంది. చక్రాల బదులు రెండు చెక్క పట్టాలు, ముందుది తిప్పడానికి హాండిలు. దీన్ని 1911లో క్రిస్టియన్ బ్యూల్‌మన్ అనే ఊరి వడ్రంగి చేశాడు. నడవడం కష్టమైన మనిషి కాబట్టి మంచులో తిరగడానికి తనకోసం తయారు చేసుకున్నాడని చెబుతారు. తర్వాత బడిపిల్లలూ పోస్టుమనిషీ దాన్నే వాడుకున్నారు. 1996 నుంచి దానికి ప్రపంచ పోటీలు పెడుతున్నారు! ప్రపంచంలో ఇంకెక్కడా పెద్దగా లేని బండికి ప్రపంచ పోటీ ఏమిటని నవ్వుకున్నాను గాని, పోటీకి వచ్చేవాళ్ళు బాగా సీరియస్‌గానే వస్తారు.

కొండలెక్కడం కథ కూడా ఇంతే. 18వ శతాబ్దం దాకా బయటివాళ్ళకి ఈ మంచుకొండలంటే భయం. తర్వాత చిత్రకారులూ కవులూ వచ్చారు. 1770లలో కాస్పర్ వోల్ఫ్ ఇక్కడి హిమానీనదాల బొమ్మలు వేశాడు. 1779లో గ్యోటే వచ్చాడు, 1816లో బైరన్. వాళ్ళ వెనకాలే ఇంగ్లీషు దొరలు. ఫాల్‌హార్న్ మీద 2,681 మీటర్ల ఎత్తున 1830ల మొదట్లో కట్టిన హోటలు ఇప్పటికీ నడుస్తోంది. (వేసవికి ఇటు వచ్చినవాళ్ళందరూ కొండలెక్కడానికే రాలేదు లెండి. ఇదే ఓబర్‌లాండ్ పడమటి కొసన ఉన్న సానెన్‌లో, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి 1985 దాకా ఏటా వేసవిలో ప్రసంగాలు చేశారు.)

దొరలకి దారి ఎవరు చూపించాలి? శిఖరాల దగ్గరి దారులు కాస్తయినా తెలిసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురే: షామ్వా అనే కొండమేకల్ని వేటాడేవాళ్ళు, స్ఫటికాలు ఏరుకునేవాళ్ళు, తప్పిపోయిన గొర్రెల్ని వెతుక్కునే కాపర్లు. వాళ్ళే గైడులయ్యారు. 1854 సెప్టెంబరులో ఆల్ఫ్రెడ్ విల్స్ అనే లండన్ వకీలు వెట్టర్‌హార్న్ ఎక్కాడు. పర్వతారోహణ చరిత్రల్లో స్వర్ణయుగం ఇక్కణ్ణించే మొదలని రాస్తారు. నిజానికి ఆ శిఖరాన్ని పదేళ్ళ ముందు, 1844లోనే, ఇద్దరు స్విస్ గైడులు ఎక్కేశారు. స్వర్ణయుగాన్ని మాత్రం దొర ఎక్కిన రోజునుంచే లెక్కపెట్టారు. పోనీ అదీ వదిలేద్దాం. విల్స్ బృందంలో ఒక గైడు శిఖరం మీద పాతడానికి ఇనుపరేకు జెండా వీపున కట్టుకుని ఎక్కుతున్నాడు. సగం దారిలో చూస్తే ఇంకో వైపునుంచి ఇద్దరు మనుషులు గబగబా పైకి వెళ్తున్నారు. ఒకడి వీపు మీద కొమ్మలతో సహా ఒక చిన్న దేవదారు చెట్టు! గ్రిండెల్‌వాల్డ్ వేటగాళ్ళు క్రిస్టియన్ ఆల్మర్, అతని బావమరిది ఉల్రిక్ కౌఫ్‌మన్. మన ఊరి కొండ మీద మొదటి జెండా పరాయివాళ్ళది కావడమేమిటని, కోయడానికి దొరికిన చెట్టు తీసుకుని బయల్దేరారు. విల్స్ గైడులు అరిచారు, తిట్టారు, చివరికి రాజీపడి ఒక చాకొలెట్ ముక్క ఇచ్చి కలుపుకున్నారు. జెండా, చెట్టు పక్కపక్కనే పాతారు.

ఆ ఆల్మరే తర్వాత 1858 ఆగస్టు 11న, పీటర్ బోరెన్ అనే ఇంకో ఊరివాడితో కలిసి, చార్లెస్ బారింగ్టన్ అనే ఐరిష్ యువకుణ్ణి మొదటిసారిగా ఐగర్ ఎక్కించాడు. చిన్నప్పుడు గొర్రెలు కాసిన ఆల్మర్, 1896లో, డెబ్బై ఏళ్ళ వయసులో, తమ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా భార్యని తీసుకుని అదే వెట్టర్‌హార్న్ మళ్ళీ ఎక్కాడు. మనవైపు షష్టిపూర్తికి తలంబ్రాలు పోసుకుంటారు. ఈ ముసలాయన భార్యతో కలిసి 3,692 మీటర్లు ఎక్కాడు. ఆవిడ ఆయనకన్నా పెద్ద. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. అప్పుడు ఆయనకి కూలి ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. తన కొండని తనకోసమే ఎక్కాడు.

ఆసియా వాళ్ళం కాబట్టి ఇంకొకరిని కూడా తలుచుకోవాలి. 1921 సెప్టెంబరులో యూకో మాకి అనే జపాన్ యువకుడు ముగ్గురు గ్రిండెల్‌వాల్డ్ గైడులతో ఐగర్‌కి ఈశాన్యాన ఉన్న మిట్టెల్లెగి అంచు మీదుగా మొదటిసారి పైకెక్కాడు. ఆ అంచు మీద గుడిసె కట్టుకోమని ఊరి గైడులకి 10,000 ఫ్రాంకులు ఇచ్చి వెళ్ళాడు. గుడిసె 1924లో లేచింది. ఊరి స్టేషనులో ఇవాళ జపాన్ వాళ్ళు ఎందుకు అంతమంది కనిపిస్తారని అడిగేవాళ్ళకి ఇదొక జవాబు.

ఇదంతా వేసవి వ్యవహారం. చలికాలంలో 1870ల దాకా హోటళ్ళు తాళాలేసుకునేవి. 1874 జనవరిలో కూలిడ్జ్ అనే అమెరికన్ ఆల్మర్‌తో కలిసి వెట్టర్‌హార్న్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల్ని మంచుకాలంలో ఎక్కి చూపించాడు. 1880ల చివరికి బేర్ హోటలు చలికాలంలో కూడా అతిథులకి తలుపులు తీసింది. రైలు 1890లో వచ్చింది. 1892లో హెన్రీ లన్ అనే మెథడిస్టు ఇక్కడ చర్చి సభలు ఏర్పాటు చేసి, ఇంగ్లండ్ నుంచి జనాన్ని గుంపుగా రైలెక్కించి తీసుకొచ్చాడు. చర్చిల ఐక్యత సంగతి ఎలా ఉన్నా ఆయన ట్రావెల్ వ్యాపారం మాత్రం బ్రహ్మాండంగా సాగింది. ఈ లన్ అంతకుముందు మిషనరీగా మద్రాసు వచ్చినవాడు. ఆయన కొడుకు ఆర్నాల్డ్ లన్ 1888లో పుట్టింది మద్రాసులోనే. ఈ ఆర్నాల్డే 1922లో, గ్రిండెల్‌వాల్డ్‌కి రెండు కొండల అవతల ఉన్న మ్యూరెన్‌లో, పాతిన కర్రల మధ్య వంకర్లు తిరుగుతూ దిగే స్లాలమ్ పోటీకి ఇప్పటి రూపం ఇచ్చాడు. మంచు ఎరగని మద్రాసులో పుట్టినవాడు మంచు ఆటకి నియమాలు రాయడం తమాషాగా లేదూ!

దీంతో ఊరి లెక్క తలకిందులైంది. వెయ్యి నోళ్ళకి ఎండుగడ్డి కొలుచుకుని బిక్కుబిక్కుమంటూ గడిపిన కాలం కాస్తా డబ్బు రాలే కాలమైంది. గడ్డి వాలే స్కీ వాలు. వేసవిలో ఆవులు నున్నగా మేసిన చోటే చలికాలంలో స్కీలు బాగా జారతాయి. కాబట్టి లిఫ్టు కంపెనీకి కూడా ఆవులు కావాలి. రైతు చలికాలంలో లిఫ్టు దగ్గర టిక్కెట్లు చూస్తాడు, వేసవిలో పాలు పితుకుతాడు. నాకు తెలిసిన ఒకాయన అంతే. ఆయన చేతులు చూస్తే రెండు ఉద్యోగాల్లో ఏది అసలుదో అడగక్కర్లేదు.

ఆటకీ పనికీ ఉన్న తేడా 1936 జులైలో ఐగర్ ఉత్తరపు గోడ మీద తెలిసింది. అప్పటికే ఆ కొండ కడుపులోంచి రైలు పోతోంది. అడోల్ఫ్ గుయెర్‌జెల్లర్ అనే పారిశ్రామికవేత్త 1896లో తవ్వకం మొదలుపెట్టించాడు. 1899లో ఆయన పోయాడు. 1912 ఆగస్టు 1న రైలు 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోక్ చేరింది. 1936లో ఇద్దరు జర్మన్లు, ఇద్దరు ఆస్ట్రియన్లు ఆ గోడ ఎక్కబోయి వాతావరణం చెడి ఇరుక్కున్నారు. కింద క్లైనె షైడెగ్ హోటలు దగ్గర జనం దుర్భిణీల్లో చూస్తున్నారు. ముగ్గురు పోయారు, టోనీ కుర్జ్ ఒక్కడే తాడుకి వేలాడుతూ మిగిలాడు. గైడులు సొరంగం కిటికీలోంచి గోడ మీదికి వెళ్ళారు. ఎక్కమని వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పిచ్చిపని అని ముందే అన్నారు. అయినా వెళ్ళారు. రాత్రంతా చలిలో వేలాడిన కుర్జ్ మర్నాడు తాళ్ళు ముడేసుకుని దిగుతూ దిగుతూ, ముడి కొక్కెంలో దూరక, గైడులకి కొద్ది మీటర్ల పైన ప్రాణం వదిలాడు. రెండేళ్ళ తర్వాత, 1938 జులైలో, వేరే నలుగురు ఆ గోడ ఎక్కారు. పుస్తకాలు ఎక్కువగా వాళ్ళమీదే వచ్చాయి. నా మనసు మాత్రం ఆ కిటికీ దగ్గరే ఆగిపోతుంది.

ఇక హిమానీనదాల సంగతి. 1600 ప్రాంతంలో కింది హిమానీనదం పెరిగి పెరిగి ఇళ్ళనీ కొట్టాలనీ మింగేసింది. సెయింట్ పెట్రోనెల్లా గుడి కూడా దాని కిందే పోయిందని ఊళ్ళో చెప్పుకుంటారు. 1855 ప్రాంతంలో మళ్ళీ లోయ అడుగుదాకా దిగింది. అప్పటి ఊరివాళ్ళకి అది శత్రువు. 19వ శతాబ్దం రెండో సగంలో ఆ శత్రువునే ముక్కలుగా కోసి హోటళ్ళకి, దూరనగరాలకి మంచుగడ్డలుగా అమ్మారు. వోల్ఫ్ లాంటి చిత్రకారుల బొమ్మలన్నీ పోగుచేసి, హైన్స్ జుంబ్యూల్ అనే శాస్త్రజ్ఞుడు ఏ ఏట మంచు ఎక్కడిదాకా ఉందో 1980లో లెక్కగట్టాడు. షోకుకి వేసిన బొమ్మలు అలా సాక్ష్యాలయ్యాయి.

ఇప్పుడు ఊళ్ళోంచి చూస్తే కింది హిమానీనదం కనిపించదు. దాని ముఖం ఉన్న చోట ఉత్త రాతి ఇరుకు, అందులో చూపరులకి చెక్కదారి. మంచు ఆసరా పోయిన గట్లు కూలుతున్నాయి. 2005లో గట్టు జారి స్టీరెగ్ అనే చోట ఉన్న కొండహోటలు పోయింది. 2006 జులైలో ఐగర్ తూర్పు పక్క పెద్ద బండ ఒకటి విరిగిపడింది. కరిగిన నీళ్ళు పైన చెరువుకట్టి, 2008లో గండిపడ్డాయి. దాంతో కొండలో సొరంగం తొలిచి నీళ్ళు వదిలే ఏర్పాటు చేశారు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విట్జర్లండ్ మొత్తం మీద హిమానీనదాల మంచులో పదో వంతు పోయింది. కింది వాలుల్లో చలికాలం మంచు నమ్మకం లేనిదైంది, గొట్టాల్లో నీళ్ళు చిమ్మి మంచు చేసుకుంటున్నారు. ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త తీగబండి 2020 డిసెంబరులో మొదలైంది. పావుగంటలో జనాన్ని ఐగర్ హిమానీనదం స్టేషనుకి చేరుస్తుంది. మంచు పైకి వెళ్ళిపోతున్నకొద్దీ జనాన్ని త్వరగా పైకి చేర్చడమే ఉపాయమని కంపెనీ లెక్క అయి ఉండాలి. లిఫ్టు దగ్గర పనిచేసే మా రైతుని అడిగితే భుజాలెగరేసి, "పైన గడ్డి బాగానే ఉంది" అన్నాడు.

ఆ గడ్డి మేసిన పశువులు సెప్టెంబరులో దిగుతాయి. మెడలో పెద్ద గంటలు, కొమ్ములకి పూలు. ఓబర్‌లాండ్‌లో ఆ సమయంలోనే చీజ్ పంపకం జరుగుతుంది. వేసవి అంతా ఎవరి ఆవు ఎంత పాలిచ్చిందో రాసిపెట్టి, ఆ లెక్క ప్రకారం చక్రాల్లాంటి చీజ్‌ని కుప్పలు పోసి పంచుతారు. మన ధాన్యం కళ్ళం గుర్తొస్తుంది, ఆ సందడి, ఆ వాదనలు కూడా.

చుట్టాలెవరైనా వస్తామంటే నేనిప్పుడు మే, జూన్ అనకుండా సెప్టెంబరు మూడో వారం రమ్మంటున్నాను. హోటళ్ళు కాస్త చౌక. ఫిర్స్ట్ మీంచి బాఖ్‌ఆల్ప్ చెరువుకి నడక గంటే, పెద్దవాళ్ళు కూడా నడవగలరు. దక్షిణపు వెచ్చగాలి ఫోన్ వీచే రోజైతే మాత్రం చూసుకుని బయల్దేరండి. 1892 ఆగస్టులో ఊరు తగలబడింది. ఆ గాలి వీచేటప్పుడు నిప్పు జాగ్రత్త అన్నది ఇక్కడి పిల్లలకి ఉగ్గుపాలతో చెప్పే మాట. పశువులు దిగే రోజు ఏదో స్టేషను దగ్గరి సమాచార కేంద్రంలో ముందుగా కనుక్కోవచ్చు. వాతావరణాన్నిబట్టి అది ఏటా మారుతుంది.